పెరుగు తోడుకోని శుక్రవారం

పెరుగు తోడేసుకోవడానికి నా యాంప్లిఫయరే దొరికింది జయరాముడికి. రూమ్‌లో అంత చోటుండగా పాలగిన్నె తెచ్చి సరిగ్గా నా పెట్టె నెత్తినే పెట్టాడు. డ్యూటీ దిగి వచ్చి చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది. తిట్టానంటే మామూలుగా తిట్టలేదు, వాడి ఏడు తరాల వాళ్ళనీ లేపి తిట్టాను.

"ఏసీల పాలు తోడుకుంటలెవ్వు రఘుపతన్నా. బయట పెడ్తె ఎండకు పులుస్తున్నయి. నీ డబ్బ ఎప్పుడు సూసినా గోరువెచ్చగ ఉంటది," అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"అది డబ్బ కాదుర. దాంట్ల పాలు ఒలికితే నీ వీపు పగుల్తది."

తల ఊపాడు. దులపరించుకుని పోయాడు. ఆ పెట్టె ఎవరికోసం చేశానో వాడికి తెలుసు, అదీ నా కోపం.

చేసింది దేవదాసు కోసం. మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో మా కంపెనీ క్యాంపు, అందులో మా రూమ్‌కి ఆయనే పెద్ద. మెట్‌పల్లి దగ్గర వాళ్ళ ఊరు. కంపెనీలో బ్రేకర్ పని, అంటే పొద్దస్తమానం మిషను పట్టుకుని కొండరాయిని పగలగొట్టడం. మస్కట్‌లో రోడ్డు వెయ్యాలన్నా ఇల్లు కట్టాలన్నా ముందు రాయి పగలాలి. చెవులకి పెట్టుకునేవేమైనా ఇమ్మని ఆయన స్టోర్‌లో అడిగితే, దూది పెట్టుకో పొమ్మన్నాడు స్టోర్‌కీపర్. ఆ దూది కూడా ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి ఆ మోతలో నిలబెడితే చెవులు ఉంటాయా? మిషనుకి నెలనెలా గ్రీజు పెడతారు. మనిషికి దూది దండగ.

దేవదాసుకి చదువు రాదు, భార్య శాంతవ్వకీ రాదు. అందుకని వాళ్ళ మంచీ చెడ్డా అంతా క్యాసెట్‌లో. ఊరికి పోయేవాళ్ళ చేతికి ఈయన ఒక క్యాసెట్ ఇస్తాడు. ఆమె విని, దాని మీదే తన మాటలు నింపి, ఇటు వచ్చేవాళ్ళతో పంపుతుంది. మాలాంటి వాళ్ళందరిదీ ఆ రోజుల్లో అదే పద్ధతి. చెవులు మందగించాక దేవదాసు టేప్‌రికార్డర్‌ని ఉన్నంత సౌండూ పెట్టేవాడు. ఆ చిన్న మిషను గొంతు చించుకునేది. ఆయనకి సగం అర్థమయ్యేది, రూమ్‌లో వాళ్ళకి మొత్తం అర్థమయ్యేది. ఒకసారి శాంతవ్వ, "నిద్రల పక్కకు చెయ్యి ఏస్త, నువ్వుండవు," అంది. మర్నాడు సైట్‌లో నలుగురు చేరితే అదే మాట, ఆడగొంతు పెట్టి మరీ. ఫోర్‌మన్ కూడా నవ్వాడు. తర్వాత వచ్చిన క్యాసెట్‌ని దేవదాసు వినకుండా పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఆయన ఊరుకున్నాడు కానీ నేను ఊరుకోలేకపోయాను.

నేను కంపెనీలో ఎలక్ట్రీషియన్ని. అంతకుముందు ఆర్మూరులో రేడియోలు బాగుచేసే షాపులో పనిచేశాను. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆమె మాట ఆయనొక్కడే వింటాడు. కానీ ఆ మందపు చెవులకి టేప్‌రికార్డర్ బలం చాలదు. బజారులో దొరికే యాంప్లిఫయర్లేమో గోడలు అదరగొట్టడానికి చేసినవి. వాటిలో రెండు ట్రాన్సిస్టర్లు షిఫ్ట్ డ్యూటీ చేస్తాయి. నాసిరకం వాటిలో ఒకటి దిగి ఇంకొకటి ఎక్కేచోట సన్నని మాట చిరిగిపోతుంది. శాంతవ్వది సన్నని గొంతు. అందుకే క్లాస్ ఏ చేశాను. అందులో ఒక్కటే ట్రాన్సిస్టర్, మాట ఉన్నా లేకపోయినా డ్యూటీ దిగదు. దిగదు కాబట్టి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. మామూలుగా అయితే దానికి జోడీగా పెట్టే రెసిస్టర్ బోలెడు కరెంటుని ఉత్తపుణ్యానికి కాల్చేస్తుంది. నేను దాని బదులు సైట్‌లో పారేసిన ట్యూబ్‌లైట్ చోకు పెట్టాను. చోకు అంత తినదు. చెవికి చాలినంత సౌండే కావాలి గనుక కరెంటు తగ్గించుకుంటూ వచ్చాను. ట్రాన్సిస్టర్‌కి బిగించిన అల్యూమినియం పలక మీద చెయ్యి హాయిగా ఆనేంత వేడి దగ్గర ఆపాను. జయరాముడి పాలకి కూడా సరిగ్గా అంతే కావాలని నేను కలగన్నానా?

మొదటి రోజు దేవదాసు పెట్టె తాళం తీసి, ఆ దాచిన క్యాసెట్ పెట్టి, హెడ్‌ఫోన్‌లో కళ్ళు మూసుకుని విన్నాడు. "మస్తు సాఫ్ ఉన్నది తమ్మీ," అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ క్యాసెట్ మీదే నా ఎదురుగా జవాబు నింపాడు. "శాంతా, ఇగ సిగ్గుపడకు. నీ మాట నేనొక్కణ్ణే ఇంట," అని.

కొన్నాళ్ళకి ఆ క్యాసెట్ ఆమె కొత్త మాటలతో తిరిగొచ్చింది. ఇక రోజూ సాయంత్రం డ్యూటీ దిగడం, స్నానం చెయ్యడం, హెడ్‌ఫోన్ పెట్టుకుని తల ఊపుతూ కూచోవడం. ఆయన్ని చూస్తే నాకే కడుపు నిండేది.

తర్వాతి శుక్రవారం పొద్దున జయరాముడు గిన్నె పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు. ఈసారి కోపం వాడిది.

"నీ డబ్బ ఖరాబైంది. వారం సంది పాలు పాల లెక్కనే ఉంటున్నయి."

అంటే పెట్టొద్దన్నా పెడుతూనే ఉన్నాడన్నమాట. లేచి వెళ్ళి పలక మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. స్విచ్ మాత్రం వేసే ఉంది. మూత విప్పితే లోపల ఎండిన పాలచార, ఆ పక్కన కాలిన ఫ్యూజు.

"ఎప్పుడు ఒలకబోసినవ్‌ర?"

"అన్న క్యాసెట్ వచ్చిన ముందురోజు. కొంచెమే. తుడిచిన."

వాడి కాలర్ పట్టుకుని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. క్యాసెట్ వచ్చేనాటికే పెట్టె చచ్చిపోతే, దేవదాసు రోజూ విన్నదేమిటి? కళ్ళు మూసుకుని తల ఊపింది ఎవరి మాటలకి?

ఆయన బయట బట్టలు ఆరేసి లోపలికి వస్తున్నాడు. ఎదురుగా నిలబడి అడిగాను.

"శాంతక్క ఏమన్నది అన్నా, క్యాసెట్ల?"

నా నోటివంక చూశాడు. "అందరు మంచిగున్నరన్నది. బిడ్డకు జరం తగ్గిందట."

ఆయన చెయ్యి పట్టుకుని పలక మీద పెట్టాను. అది ఎప్పుడూ వెచ్చగా ఉంటుందని ఆయనకీ తెలుసు. చెయ్యి తియ్యలేదు, తల ఎత్తలేదు.

గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "మొదటి దినమన్న వినవడ్డదా?"

"మోత వినవడ్డది. మాట వినవళ్ళే. నువ్వు అంతగనం తిప్పలవడి చేస్తివి, ఎట్ల చెప్పాలె తమ్మీ?" అన్నాడు. తర్వాత మెల్లగా అంటున్నాననుకుని గట్టిగా అన్నాడు. "ఫోర్‌మన్‌కు చెప్పకుండ్రి. అన్‌ఫిట్ అని పంపిస్తరు."

జయరాముడు గబగబా వెళ్ళి తలుపు మూశాడు.

స్టోర్‌కీపర్‌ని ఆ బ్రేకర్ మిషను పక్కన నిలబెట్టాలనిపించింది. నవ్విన ఫోర్‌మన్‌ని నిలబెట్టాలనిపించింది. పట్టుకోవడానికి నాకు దొరికింది మాత్రం పెరుగు తోడేసుకునే ఒక బక్కప్రాణి కాలర్. పళ్ళు కొరుక్కుంటూ లోపలంతా తుడిచి కొత్త ఫ్యూజు వేశాను.

"నువ్వు ఇని చెప్పు," అన్నాడు దేవదాసు.

"నేను విననే వినను. ఎవ్వరు వినద్దనే గద చేసింది."

"గొంతు తియ్యకు. ఉత్తగ పెదవులు ఆడియ్యి. నాకు సమజైతది."

జయరాముడు గిన్నె తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పలక మెల్లగా వెచ్చబడింది. హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టుకుని క్యాసెట్ నొక్కాను. చిరుగు లేదు, బొంగురు లేదు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. అంత బాగా చేసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

"ఒక్కనివే ఇంటున్నవా?" అంది శాంతవ్వ. అని, జవాబు కోసం అన్నట్టు ఆగింది.

గొంతు రాకుండా పెదవులు కదిలించాను.

దేవదాసు నా నోరు చూసి, కొంచెం సిగ్గుపడి, "ఆ, నేనొక్కణ్ణే," అన్నాడు.