పాత పార్కు రిలీవర్

వెరోనికా నవ్వింది. నవ్వితే ఏమైంది అంటారా? నవ్వింది ఇంట్లో కాదు, ఎదురుగా ఉన్న పాత పార్కులో. ఆమె భర్త డేవిడ్‌రాజ్ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఆ నవ్వు విన్నాడు. చేతిలో టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. కడుపు మండిపోతుంటే టీ ఎలా దిగుతుంది?

నవ్వించినవాడు జగ్గయ్య. ఆయన ఏం చెప్పి నవ్వించాడో కిటికీ దాకా వినబడలేదు. అదే డేవిడ్‌రాజ్‌ని ఎక్కువ బాధపెట్టింది. మాట వినబడి ఉంటే, ఇందులో నవ్వేంత ఏముందని తిట్టుకోవడానికైనా వీలుండేది.

భిలాయి సెక్టర్ 6లో ఆ పార్కుకి టౌన్‌షిప్పుకి ఉన్నంత వయసుంది. ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో రష్యన్ ఇంజినీర్లు భార్యాపిల్లలతో సాయంత్రాలు అక్కడ తిరిగేవారని, మధ్యలో ఫౌంటెన్ రంగు లైట్ల మీదుగా ఎగిరేదని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడా ఫౌంటెన్‌లో ఎండుటాకులే ఉన్నాయి. రాష్ట్రం విడిపోయి రెండేళ్లయింది. దుకాణాల వాళ్లు బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపి ఛత్తీస్‌గఢ్ అని రాయించుకుంటున్నారు. ఊరంతా కొత్త రంగులు వేసుకుంటుంటే పార్కులో మాత్రం గడ్డి నడుం ఎత్తు పెరిగింది. అది చూసి ఊరుకోలేక పార పట్టుకుని మొట్టమొదట దిగినవాడు డేవిడ్‌రాజే. ఆ మాట ఒప్పుకోవాలి. మనిషి మంకువాడే గానీ బద్ధకస్తుడు కాడు.

రోలింగ్ మిల్లులో రిటైరై, ఉన్న క్వార్టరునే లీజుకి తీసుకుని ఉండిపోయాడు. తనలాగే ఇంట్లో పొద్దుపోక కూర్చున్న వాళ్లని పోగుచేసి ఉదయం బ్యాచ్ పెట్టాడు. పార్కుని కూడా ప్లాంటులాగే నడిపాడు. ప్లాంటులో పెద్ద నియమం ఒకటుంది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, వచ్చి పని చేతిలోకి తీసుకునేదాకా నీ చోటు వదలకూడదు. వచ్చినవాడికి మూడు సంగతులు చెప్పాలి: ఏది నడుస్తోంది, ఏది ఆగింది, దేని మీద కన్నేసి ఉంచాలి. నీ చేతుల్లో ఏదైనా పాడైతే దాచకుండా అదీ చెప్పాలి. రిలీవర్ రాకపోతే వాడి షిఫ్టు కూడా నువ్వే చెయ్యాలి. దాన్ని డబుల్ అంటారు. డేవిడ్‌రాజ్ తన సర్వీసులో చేసిన డబుల్స్ గురించి ఇప్పటికీ చర్చి మెట్ల మీద చెప్పుకుంటాడు. వినేవాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోతున్నా చెబుతాడు.

సాయంత్రం బ్యాచ్ జగ్గయ్య పెట్టినది. ఆయన రైల్వేలో గార్డుగా చేశాడు. భార్య పోయాక భిలాయి-3లో ఉండలేక సెక్టర్ 6లో కొడుకు దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం పోయినా మెడలో ఈల పోలేదు. సాయంత్రం పార్కు గేటు దగ్గర నిలబడి ఆ ఈల ఊదితే ఆడవాళ్లూ పిల్లలూ నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. పని తక్కువ, గోల ఎక్కువ అని డేవిడ్‌రాజ్ అభిప్రాయం. పని బాగానే జరిగేది. అది మాత్రం ఆయన కంటికి కనబడలేదు.

రోజూ నాలుగింటికి పార్కు మూలనున్న సామాన్ల గది తాళంచెవిని ఉదయం వాళ్ల తరఫున డేవిడ్‌రాజ్ సాయంత్రం వాళ్ల తరఫున జగ్గయ్య చేతిలో పెట్టాలి. పెడుతూ మూడు సంగతులూ చెప్పాలి. చాలాకాలం అలాగే సాగింది. జగ్గయ్య వీళ్ల ప్రహరీ గోడ దగ్గర ఆగిన రోజు నుంచి వచ్చింది తంటా.

"చెల్లెమ్మా, మీ పెరట్లో బంతి ఇంత బాగా పూసిందేటి! పార్కులో మేవేసిన నారంతా చచ్చిపోతన్నాది. ఓపాలి వచ్చి చూసి చెప్పవా?" అని అడిగాడు.

వెరోనికా చెయ్యి తుడుచుకుని చెప్పులేసుకుంది. అంతే. పెళ్లయినప్పటి నుంచీ ఎదురుగా ఉన్న పార్కులోకి పనికని ఆమె అడుగుపెట్టడం అదే మొదలు. డేవిడ్‌రాజ్ బ్యాచ్‌లోకి ఆమెను ఎవరూ పిలవలేదు. "ఆడోళ్లకి పారేటి, పలుగేటి" అని ఆయనే మొదట్లో తీర్మానం చేశాడు. ఆమె అప్పుడు ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకుందనుకున్నాడు ఆయన.

చెల్లెమ్మా అని పిలిచేవాడి మీద అసూయేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి. వెరోనికా చెల్లెలైతే డేవిడ్‌రాజ్ బావ అవుతాడు. జగ్గయ్య నలుగురిలో "బావగారూ!" అని పిలిచినప్పుడల్లా ఆయనకి ఒళ్లు మండేది. పైగా జగ్గయ్య భార్య లేనివాడు, మాటకారి, జుట్టు ఊడనివాడు. డేవిడ్‌రాజ్ అద్దం ముందు నెత్తి తడుముకోవడం వెరోనికా రెండుసార్లు చూసింది. చూడనట్టే వెళ్లిపోయింది.

వెరోనికా ఫౌంటెన్ చుట్టూ మడి కట్టించి కొత్త బంతి నారు వేసింది. ఒక సాయంత్రం, డేవిడ్‌రాజ్ దోస్తు శౌరి, అంతవరకూ ఉదయం బ్యాచ్‌కి కుడిభుజంలా ఉన్నవాడు, కిటికీ దగ్గరికి వచ్చి చల్లగా చెప్పాడు.

"నానూ సాయంత్రానికి మారిపోతన్నాను భాయ్. అక్కడ టీ ఇస్తన్నారు. వెరోనికక్క తెచ్చే పకోడీ అయితే, క్యా బాత్ హై!"

"పకోడీయా?" అన్నాడు డేవిడ్‌రాజ్. ఇంట్లో పకోడీ వేసి ఎన్నాళ్లయిందో ఆయనకి గుర్తు రాలేదు.

"ఇంకో మాట విన్నావా? నవంబరులో రాష్ట్రం పుట్టినరోజుకి బంతి పూస్తాది గదా. ఆ మడికి వెరోనికమ్మ మడి అని పేరెడతాడంట జగ్గయ్య. బోర్డు కూడా రాయిస్తాడంట."

అసూయ అంతవరకూ జగ్గయ్య మీదే ఉండేది. ఆ మాటతో భార్య మీదికి కూడా పాకింది. గడ్డి కోసింది ఎవరు? పాముల్ని తరిమింది ఎవరు? ఎండలో నడుం విరిచుకుంది ఎవరు? బోర్డు మాత్రం నిన్నగాక మొన్న వచ్చినామెకి! ఆ రాత్రి అన్నం దగ్గర డేవిడ్‌రాజ్ బయటపడ్డాడు.

"రేపట్నుంచి పార్కుకి ఎల్లకు."

"ఏటి? ఎందుకెల్లకూడదు?"

కారణం చెప్పాలంటే కడుపులో ఉన్నది కక్కాలి. "నీకు మోకాళ్ల నొప్పులు గదా" అన్నాడు.

"అక్కడ నొప్పి తెలవడం లేదు" అని ఆమె మజ్జిగ పోసింది.

మర్నాడు డేవిడ్‌రాజ్ తన జీవితంలో చెయ్యని పని చేశాడు. నాలుగు కాకముందే సామాన్ల గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, సైకిలెక్కి ఖుర్సీపార్ బజారుకి వెళ్లిపోయాడు. గొట్టం, పూల క్యాన్లు, బకెట్లు, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. వర్షాలు వెనకబట్టాయి, సెప్టెంబరు ఎండ మాడ్చేస్తోంది. ఒక్కపూట తడి లేకపోతే ఆ లేత నారు తల వాల్చేస్తుందని ఆయనకి బాగా తెలుసు. తెలిసే వెళ్లాడు. నారు చస్తే బోర్డు ఉండదు. బోర్డు లేకపోతే వెరోనికా ఇంట్లో ఉంటుంది. తోవ పొడుగునా ఇదే లెక్క వేసుకున్నాడు.

ఖుర్సీపార్‌లో పని ఏమీ లేదు. తెలుగువాళ్ల కొట్టు ముందు నిలబడి బెల్లం ధర అడిగాడు, కొనలేదు. ఎండుచేపలు చూశాడు, బాగోలేదన్నాడు. కొండంత ఆశ పెట్టుకుని తిరిగి వచ్చాడు, పార్కు ఖాళీగా ఉంటుందని.

పార్కు ఖాళీగా లేదు. తన ఇంటి కుళాయి నుంచి ఫౌంటెన్ దాకా మనుషులు బారులు తీరి ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి చూసి డేవిడ్‌రాజ్ సైకిల్ దిగడం మర్చిపోయాడు. తన ఇంట్లో అన్నం వండే డేగిశా శౌరి చేతిలో ఉంది. పప్పు వండే కుక్కరు ఒక పిల్లాడి నెత్తిన ఉంది. ఈస్టరుకి తప్ప దించని పెద్ద ఇత్తడి గుండిగ జగ్గయ్య మోస్తున్నాడు. వంటిల్లు మొత్తం రోడ్డు దాటి పార్కులోకి వచ్చేసింది. వెరోనికా మడి దగ్గర వంగి, పాలగిన్నెతో ఒక్కో మొక్కకీ నీళ్లు పోస్తోంది.

జగ్గయ్య గుండిగ కింద పెట్టి గబగబా వచ్చాడు. తిడతాడేమోనని డేవిడ్‌రాజ్ సిద్ధపడ్డాడు. తిడితే బాగుండును. తిరిగి తిట్టొచ్చు.

"బావగారూ, ఒంట్లో బాగోలేదేటి? రిలీవర్ రాకుండా డూటీ ఒగ్గీసి ఎల్లే మనిషి కారు మీరు. గుండెలో నొప్పొచ్చి ఆస్పత్రికి గాని ఎలిపోనారేమోనని భయపడి చచ్చాం. మా అబ్బాయిని సెక్టర్ 9 ఆస్పత్రికి పంపించాను, ఎతకమని."

డేవిడ్‌రాజ్ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. అది జగ్గయ్య చేతిలో పెట్టాడు. మూడు సంగతుల్లో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. జగ్గయ్య తాళంచెవి తీసుకుని, ఇంకేమీ అడక్కుండా శౌరిని తీసుకుని గది వైపు వెళ్లిపోయాడు.

డేవిడ్‌రాజ్ మడి దగ్గరికి నడిచాడు. నారు బతికే ఉంది. వెరోనికా తలెత్తలేదు.

"ఆ గిన్నె ఇలా ఇయ్యి. నాను పోస్తాను. నువ్వెల్లి కూకో" అన్నాడు.

"రిలీవ్ చెయ్యడానికి వచ్చారా?"

"ఆఁ."

వెరోనికా నడుం నిటారుగా చేసుకుని నిలబడింది. ఆమె కళ్లలో కోపం ఉంది. అది చూసి డేవిడ్‌రాజ్‌కి కొంచెం ధైర్యమే వచ్చింది. కోపమంటే తనని లెక్కలో పెట్టుకున్నట్టే కదా.

"మీకు రిలీవర్ రానప్పుడల్లా మీరు డబుల్ చేసేరు. అది ఊరందరికీ తెలుసు, మీరే చెప్పుకున్నారు. మీరు అక్కడ డబుల్ చేసినప్పుడల్లా ఇంటికాడ నాను డబుల్ చేసేను. పిల్లకి జొరమొచ్చినా నానే, మీ యమ్మ మంచంలో ఉన్నా నానే. నన్ను రిలీవ్ చెయ్యడానికి ఎవుళొచ్చేరు? మీరు రిటైరై ఇంటికొచ్చేరు. నాకింకా షిఫ్టు దిగలేదు."

ఆమె పాలగిన్నెలో మిగిలిన నీళ్లు ఆఖరి మొక్కకి పోసి, గిన్నె ఆయన చేతిలో పెట్టింది.

"ఇక్కడ కాదు. ఈ పని నాకు బాగుంది, ఇది ఇయ్యను. రిలీవ్ చేస్తానంటే ఇంటికెల్లి చెయ్యండి. వినండి, చెప్తన్నాను. నడుస్తన్నది: కుళాయి, తొట్టి నిండితే కట్టీండి. ఆగింది: గ్రైండరు, దాని జోలికి ఎల్లకండి. గిన్నె కడిగి పాలు కాయండి. కన్నేసి ఉంచాల్సింది ఆ పాల మీద." మళ్లీ మడి వైపు తిరిగింది. "నా మీద కాదు."

ఆమెకి తెలుసు. కిటికీ సంగతీ తెలుసు, తాళంచెవి సంగతీ తెలుసు. డేవిడ్‌రాజ్ పాలగిన్నె పట్టుకుని, నీళ్ల బారు పక్కనుంచి తల దించుకుని రోడ్డు దాటాడు.

కుళాయి కట్టాడు. గ్రైండరు జోలికి వెళ్లలేదు. గిన్నె కడిగి, పాలు పోసి, స్టవ్ వెలిగించి, దాని ముందు మిల్లులో నిలబడ్డట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. పాల మీద మీగడ ముడత పడింది. అప్పుడు పార్కులో ఈల మోగింది. వెనకే వెరోనికా నవ్వు.

వెళ్లకూడదనుకున్నాడు. కిటికీ నాలుగడుగుల దూరమే. వెళ్లాడు.

వెనకాల స్టవ్ చుయ్యిమంది.

వెరోనికా గిన్నెలన్నీ గుండిగలో వేసుకుని ఇంటికి వచ్చేసరికి డేవిడ్‌రాజ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గట్టు తుడవలేదు. మాడు వాసన పోవడానికి తలుపు తియ్యలేదు. రిలీవర్ వచ్చేదాకా చోటు వదలకుండా, ఏదీ దాచకుండా నిలబడ్డాడు.

"పాలు పొంగిపోనాయి" అన్నాడు.

"ఏం? మీరెక్కడున్నారు?"

"కిటికీకాడ."

"ఏటి చూసేరు?"

"నువ్వు నవ్వడం" అన్నాడు డేవిడ్‌రాజ్. "జగ్గయ్య ఊసు ఒగ్గీ. నీ నవ్వు అంత బాగుంటాదని నాకు తెలవదు. ఎదురింటివాడిలా కిటికీలోంచి చూసి తెలుసుకున్నాను."

వెరోనికా గుండిగ కింద పెట్టింది. చీర చెంగు దోపుకుని గుడ్డ తీసి, స్టవ్ గట్టు సగం తుడిచింది. మిగతా సగం వదిలేసి, ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టి, వెళ్లి కూర్చుంది.