ఆ ముగింపు నాది కాదు

భానుమతి ఆ ముసలాయన పెట్రిత్ గడ్డం కింద రెండోసారి నురగ రాసింది. దవడ మీద పాత గాటు దగ్గర రేజరును పక్కనుంచి తిప్పాలి. జెర్సీ సిటీలో ముసలివాళ్ల ఇళ్లకెళ్లి స్నానాలు చేయించి, మందులిచ్చే పని ఆమెది. భర్త పోయినప్పటినుంచీ, ఏడేళ్లుగా, అదే పని. ఈయన దగ్గర మూడేళ్లు. ఇద్దరూ మాట్లాడుకునేది వచ్చీరాని ఇంగ్లీషులో.

పెట్రిత్‌కి ఎనభై ఆరు. అల్బేనియాలో కమ్యూనిస్టుల పాలనలో పెద్ద వాద్యబృందం వాయించే సింఫనీ ఒకటి కట్టాడు. దాని చివర్లో ఒంటరి వయొలిన్ ఏడ్చి ఏడ్చి ఆగిపోతుంది. "మన దేశంలో ఏడుపెందుకు?" అంది పార్టీ కమిటీ. మార్చనన్నాడు. ఎనిమిదేళ్లు రాగి గనిలో వేశారు. అక్కడే కుడిచేతి రెండు వేళ్లు నలిగి బిగుసుకుపోయాయి. తర్వాత అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు డ్రై క్లీనింగ్ షాపులో చొక్కాలు ఇస్త్రీ చేశాడు.

గడ్డం తుడుస్తుండగా ఫోన్ మోగింది. ఆయన తన భాషలో రెండు ముక్కలు మాట్లాడి, ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాడు. మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి. ఫోన్ మంచం మీదికి విసిరేశాడు.

"ఏమైంది సార్?"

"మా దేశంలో సంగీతోత్సవమట. నా సింఫనీ వాయిస్తారట. నేను గనిలో ఉండగా కమిటీవాడెవడో చివర్లో నా వయొలిన్ తీసేసి కవాతు బ్యాండు పెట్టాడు. అదే వాయిస్తారట, నా పేరుతో!"

"అసలుది లేదా?"

"తగలబెట్టారు. పేరు తీసెయ్యమంటే, ఆహ్వాన కార్డులు అచ్చయిపోయాయంటోంది ఫోన్ చేసిన ఆ పిల్ల. ఆ కమిటీ కూడా ఇంత మర్యాదగానే మాట్లాడింది."

భానుమతికి ఒళ్లు మండిపోయింది. "వీళ్ల దుంపతెగ!" అంది తెలుగులో.

"ఏమన్నావు?"

"తిట్టాను సార్."

"ఇంకోటి తిట్టు."

ఆమె తిట్టింది. ఆయన తల ఊపి, పెన్సిల్ అడిగాడు. దగ్గర్లో కాగితం లేక మందులొచ్చిన కాగితం సంచి చింపి పరిచింది. బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య పెన్సిల్ ఇరికించుకుని, స్వరాల కోసం ఐదు గీతలు గీసి, యాభై ఏళ్లుగా తలలో మోసిన ముగింపు రాయసాగాడు. సూప్ చల్లారింది. వేడిచేసి తెస్తే మళ్లీ చల్లారింది.

మధ్యాహ్నం రెండింటికి పెన్సిల్ కింద పెట్టాడు. "ఇంకొంచెమే ఉంది. కాసేపు నడుం వాలుస్తాను."

మూడింటికి టీ తెచ్చి పిలిచింది. పలకలేదు. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

అంబులెన్స్‌కి ఫోన్ చేసి, పక్కనే కూర్చుంది. వాళ్లు వచ్చేలోపు ఆయన ఫోన్ మోగింది. ఆ అమ్మాయే, ఈసారి ఇంగ్లీషులో. ఆయన పోయాడని చెప్పింది భానుమతి.

"అయ్యో! అయితే ఆయన స్మృతిలోనే వాయిస్తాం మేడమ్."

"ఆ బ్యాండు వాయిస్తే ఆయన పేరు పెట్టొద్దు," అంది భానుమతి. "వద్దన్నాడు. ఇవాళ పొద్దున నీకే చెప్పాడు. అచ్చయితే చింపెయ్. మళ్లీ వేయించు."

ఫోన్ పెట్టేసింది.

బల్ల మీద మందుల సంచి మడతలతో సహా పరిచి ఉంది. ఐదు వంకర గీతలు కాగితం అంచుదాకా సాగాయి. చివరి జానెడు మేర వాటి మీద ఒక్క స్వరమూ లేదు.