మూడు రోజుల జ్వరం

శుభవార్త ఎవరిదైనా ఈ ఇంట్లో ఎర్రన్నం వండేది నేనే. మా మరిది భార్య ననయేకి మూడో నెలని తెలిసిన ఆదివారం కూడా టోక్యో పక్కనే ఉన్న కవగుచిలో, అత్తయ్యగారి వంటింట్లో ఉదయం నుంచీ నిలబడి, ఎర్ర గింజలు ఉడకబెట్టి, బియ్యంలో కలిపి ఆవిరి మీదకి ఎక్కించాను. పక్కగదిలో అన్నదమ్ములిద్దరూ బీరు ముందు కూర్చున్నారు. నా కూతురు షిహో బల్ల కింద చేరి చెంచాలో తన ముఖం చూసుకుంటోంది. దానికి ఐదేళ్ళు. చెవులు వినపడవు, మెదడు ఎదుగుదల నెమ్మది. మూడేళ్ళు నిండాక నడిచింది. ఈ ఏడు చేతులతో ‘నీళ్ళు’, ‘ఇంకా’ అని అడగడం నేర్చుకుంది, ఆ రెండో మాటతో నా ప్రాణం తోడేస్తోంది.

“రైళ్ళెక్కి తిరక్కమ్మా ననయే,” అత్తయ్య మొదలుపెట్టారు. “మీ అక్కను చూశావుగా. వద్దంటే వినకుండా కడుపుతో ఆఫీసుకి ఊరేగింది. ఎక్కడ అంటించుకుందో ఏమో, పసిదాని బతుకు అలా అయింది.”

ఎక్కడో కాదు. మా పడకగదిలో.

షిహో కడుపులో పడ్డ కొత్తలో డాక్టరమ్మ నాకు రక్తపరీక్ష చేసి, రుబెల్లా అనే మూడు రోజుల తట్టు సోకితే కడుపులో బిడ్డకి ప్రమాదమని, దాన్ని తట్టుకునే శక్తి నాకు చాలదని అంది. గర్భిణికి టీకా వేయకూడదు కాబట్టి ఇంట్లో మగవాళ్ళకి వేయించమంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కజుమసాకి చెప్పాను. “నెలాఖరు దాటనీ. అయినా అది ఆడపిల్లల ఇంజెక్షన్ కదే! బళ్ళో వాళ్ళు వరసలో నిలబడి ఏడుస్తుంటే, మమ్మల్ని బంతాట ఆడుకోమని వదిలేశారు,” అని నవ్వాడు. నిజమే, ఆ తరం మగపిల్లలకి సర్కారు ఆ టీకా వేయించనే లేదు. బిడ్డను మోసేది ఆడది కాబట్టి సూదిపోటూ ఆడదానికే చాలనుకున్నారు. జబ్బుని ఇంటికి మోసుకొచ్చేది ఎవరో ఎవరికీ తోచలేదు. ఆ నెలాఖరు దాటకముందే ఆయన ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లతో వచ్చాడు. మూడు రోజుల తట్టుకి సెలవేమిటని, ముఖానికి మాస్కు కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. వాళ్ళ మేనేజరు మెచ్చుకున్నాడట. నేను గంజి కాచి పెట్టాను, నుదురు తుడిచాను. మూడో రోజుకి ఆయన లేచి తిరిగాడు. తర్వాత వంతు నాది.

షిహో పుట్టాక అత్తయ్య బంధువులందరి ముందు నన్ను కూర్చోబెట్టి, తల నేలకి ఆనించి క్షమాపణ చెప్పించారు. సరైన బిడ్డని కనలేకపోయానని చెప్పాను. పక్కన ఆయనా తల వంచుకున్నాడు. పాపం, ఎంత కుమిలిపోతున్నాడో అన్నారు అందరూ. ఇంటికొచ్చాక, “అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు,” అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. వాళ్ళమ్మ తట్టుకోలేనిది నేను తట్టుకోవాలట! ఒకరి ముందు తలవంచి క్షమాపణ అడగాల్సిన బిడ్డ కాదు నా షిహో. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

“డాక్టరు నాకూ అదే చెప్పారక్కా,” అంది ననయే నాకు మాత్రమే వినపడేలా. “తట్టుకునే శక్తి తక్కువుందట. ఈయన్ని వెంటనే వేయించుకోమన్నారు. టోక్యోలో మళ్ళీ పాకుతోందటగా. రోజూ అక్కడికే కదా వెళ్ళొస్తారు.”

నేను గిన్నెలు బల్ల మీద పెడుతూ ఆ మాటే గట్టిగా మరిదికి చెప్పాను.

“నెలాఖరు దాటనీ వదినా, సరుకు పంపించాలి,” అన్నాడు నొబుహిరో. “అయినా అది ఆడాళ్ళ ఇంజెక్షన్ కదా, ఏరా అన్నయ్యా?”

నేను మా ఆయన వంక చూశాను. ఒక్క మాట చాలు. తమ్ముడికి ఆ ఒక్క మాట చెబితే నేను జన్మంతా నోరు మూసుకునేదాన్ని. ఆయన తమ్ముడి గ్లాసులో బీరు పోశాడు.

“మగాడికి సవాలక్ష పనులుంటాయి,” అన్నారు అత్తయ్య. “జాగ్రత్తగా ఉండాల్సింది కడుపుతో ఉన్నదే.”

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చాను.

“ననయే, ఇవాళే బట్టలు సర్దుకుని మా ఇంటికి వచ్చెయ్.”

“ఇదేం చోద్యం! మొగుణ్ణి వదిలేసా?”

“వదిలెయ్యమనట్లేదు అత్తయ్యా. అతను టీకా వేయించుకుని, అది ఒంటికి పట్టేదాకా.”

ననయే అప్పటికే లేచి నిలబడింది. నొబుహిరో పకపకా నవ్వాడు. “బావుంది! అన్నయ్య మాత్రం వేయించుకున్నాడా? మీ ఇంట్లో ఉన్నదీ మగాడేగా వదినా!”

“వేయించుకోలేదు. ఆయనకి అక్కర్లేదు,” అన్నాను. “ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదంటారు నొబుహిరో. మీ అన్నయ్య మా ఇంటికి తేవలసింది ఎప్పుడో తెచ్చేశారు.”