ఏడిళ్ళ ఉత్తరాల పెట్టె

మా వీధి తోమాసా చెప్పిందేమిటంటే, వాళ్ళ ఆడపడుచు చెప్పిందట, ఆ ఆడపడుచుకి పక్క ఊళ్ళో రొట్టెల కొట్టావిడ చెప్పిందట: గురువారం గురువారం చర్చి కింద హాల్లో మనవాళ్ళు రాసిచ్చే కాగితాలన్నీ తిన్నగా మిగ్రావాళ్ళ, అదే వలసల పోలీసుల, చేతికే పోతున్నాయట. పేర్లు రాయించుకునేది చిక్కుడుగింజలూ ఉల్లిపాయలూ పంచడానికి కాదట, ఎవరు ఏ ఇంట్లో పడుకుంటున్నారో తెలుసుకోడానికట. ఈ దేశంలో ఉండే కాగితాలు లేనివాళ్ళని తెల్లారేసరికి వ్యానెక్కించి, నాలుగు రోజుల్లో సరిహద్దు అవతల దింపేస్తున్నారట. "రొట్టెల కొట్టావిడ కళ్ళతో చూసిందా?" అంటే, చూసినవాళ్ళని చూసిందట.

తోమాసా మాటల్లో సగం నేను చెవిన వేసుకోను. మిగతా సగం వినకుండా ఉండలేను. ఆవిడ ఈ కబురు మోసుకొచ్చిన వారమే హాల్లో వరస సగానికి పడిపోయింది. ఆ తరవాతి వారం చిక్కుడుగింజల బస్తా విప్పింది విప్పినట్టే ఉండిపోయింది. చంటిపిల్లల పాలడబ్బాలు బల్లమీద గోడకట్టినట్టు నిలబడ్డాయి, పట్టుకెళ్ళే తల్లి లేదు.

ఆపిల్ కాయలు పెట్టెలకెత్తే షెడ్డులో నాకు పని. చలికాలం షెడ్డు మూసేస్తారు కాబట్టి గురువారాలు హాల్లో ఉల్లిపాయలు కొలుస్తాను. నా పక్క బల్ల డెల్ఫీనాది. మా వైపు వాళ్ళ అమ్మాయే, ఇక్కడే పుట్టి కాలేజీ చదివింది. పిల్లల వైద్యం కార్డులు, బడి భోజనాలు, చలికి కరెంటు సాయం, ఇలాంటి అర్జీలన్నీ ఆ పిల్లే రాసి పంపిస్తుంది.

ఇలా రెండు నెలలు గడిచాక ఒక గురువారం మధ్యాహ్నం రెండు దాటాక క్రిసాంతా వచ్చింది, కూతురు యారెట్సిని రెక్క పట్టుకుని. వరసలో నిలబడలేదు. నా బల్ల వెనక్కి వచ్చి, కోటు లోపల్నించి ఒక సీసా తీసి నా కళ్ళముందు పెట్టింది.

"ఆంపారో అక్కా, చూడు."

చూశాను. యారెట్సి మూర్ఛ మందు. అడుగున చిటికెన వేలి గోరంత ఉంది.

"ఎన్నాళ్ళకొస్తుంది?"

"రేపు రాత్రికి ఆఖరు. మందుల షాపులో అమ్మాయి కార్డు గీకి, పనిచెయ్యట్లేదమ్మా అంది. ఇంకోసారి గీకమన్నాను. మూడుసార్లు గీకింది. రద్దయిపోయింది, వెళ్ళి కనుక్కో అంది. అక్కా, తోమాసా అన్నది నిజమే. మమ్మల్ని కనిపెట్టేశారు. ముందు కార్డు తీసేశారు, తరవాత మనిషిని తీసుకుపోతారు."

యారెట్సికి ఏడేళ్ళు. నాలుగో ఏట తోటలో చెట్టు కింద కూచుని ఆడుకుంటూ ఒక్కసారిగా కట్టెలా బిగుసుకుపోయింది. కొమ్మలు కత్తిరిస్తున్న మేమంతా కత్తెరలు పడేసి పరిగెత్తాం. పెదాలు నీలమైపోయాయి. ఆవేళ పిల్ల దక్కదనే అనుకున్నాం. ఈ మందు మొదలెట్టాక మళ్ళీ పడలేదు. మందు ఒక్క పూట తప్పినా తిరగబెడుతుంది, ఈసారి మొదటిదానికంటే గట్టిగా వస్తుంది అని డాక్టరు చెప్పినప్పుడు క్రిసాంతా పక్కన నేనూ ఉన్నాను.

"ముందు డెల్ఫీనాని అడుగుదాం రా," అన్నాను.

"నా పేరు రాయదు కదా?"

"నీ పేరు మూడేళ్ళ కిందటే రాసింది. ఇప్పుడు కొత్తగా ఏం రాస్తుంది!"

డెల్ఫీనా వైద్యం కార్డుల ఆఫీసుకి ఫోను చేసింది. నలభై నిమిషాలు ఫోన్లో పాట వినిపించారు. ఆ పాట అయిపోయి మళ్ళీ మొదలైనప్పుడల్లా క్రిసాంతా తలుపు వంక చూసేది. యారెట్సి మాత్రం నా బల్ల కింద దూరి ఉల్లిపొట్టు పోగుచేసి గూడు కడుతోంది. చివరికి అవతల ఎవరో పలికారు. డెల్ఫీనా ఇంగ్లీషులో ఏదో అడిగింది, రాసుకుంది, మళ్ళీ అడిగింది. ఫోను పెట్టేసి మావైపు తిరిగింది.

"ఎవరూ కనిపెట్టలేదు పిన్నీ. ఏడాదికోసారి కార్డు తిరగరాయించుకోమని ఉత్తరం వస్తుంది కదా, అది మూడుసార్లు పంపారట. మూడూ తిరిగొచ్చాయట. కవరుమీద 'ఈ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో లేరు' అని రాసి ఉందట. అందుకని కార్డు ఆపేశారు."

క్రిసాంతా మొహంలో నెత్తురు లేదు. "మా ఉత్తరాలు కొమాద్రె ఎర్మీనియా ఇంటికి కదా వచ్చేది. ఆవిడకేమైంది? ఆవిణ్ణి పట్టుకెళ్ళారా?"

మా వీధి సంగతి ఇక్కడ చెప్పాలి. వీధి అంటే తోటల వెనక మట్టిదారి. అందులో సగంమంది కార్ల షెడ్డుల్లోనూ చక్రాల ఇళ్ళలోనూ ఉంటారు. వాటికి నంబర్లుండవు. దారి మొదట్లో మా ఇంటికి ఉంది. క్రిసాంతా వాళ్ళుండేదీ షెడ్డే. అందులో మనుషులున్నట్టు కాగితంమీద పడితే మునిసిపాలిటీవాళ్ళొచ్చి తాళం వేస్తారు, అందుకని షెడ్డు యజమాని ఎక్కడా రాయించబోమని మొదటిరోజే ఒట్టు వేయించుకున్నాడు. నంబరూ, దారిలోకి ఉత్తరాల పెట్టే ఉన్న ఇల్లు ఆ వరసలో ఎర్మీనియాది. ఏడు కుటుంబాల ఉత్తరాలు ఆ పెట్టెలోకే వస్తాయి. ఎర్మీనియా వాటిని రొట్టెల బుట్టలో వేసి, ఆదివారం చర్చిలో పూజయ్యాక ఎవరివి వాళ్ళకి పంచేది.

క్రిసాంతాకి ఆవిడ మరీ దగ్గర. ఒకే ఊళ్ళో పుట్టి, ఒకే ఏట్లో బట్టలుతికినవాళ్ళు. యారెట్సికి బాప్తిస్మం రోజున నీళ్ళమీద పట్టుకున్నది ఎర్మీనియాయే. అలా పట్టుకున్నావిడ తల్లికి కొమాద్రె అవుతుంది. ఆ రోజుదాకా ఒసే అంటే ఒసే అనుకున్నవాళ్ళు, మర్నాటినుంచి మీరూ మీరూ అనుకోవడం మొదలెట్టారు. మాలో అంతే. ఆ మన్నన చచ్చేదాకా ఉండాలి.

"దీన్ని సరిచెయ్యడానికి ఏం కావాలి?" అన్నాను.

డెల్ఫీనా ఒక కాగితం అచ్చు తీసింది. "ఈ కుటుంబానికి ఉత్తరాలు మా ఇంటికే వస్తాయని, ఎవరిదైనా ఒక ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. ఇంటి నంబరు వెయ్యాలి. హాలు నంబరు ఒప్పుకోరు, మనుషులు కాపురముండే ఇల్లు కావాలట. ఐదింటిలోగా నేను పంపిస్తే రేపు పొద్దున్నే షాపులో మందిచ్చేస్తారు. ఐదు దాటితే రేపు ఆఫీసుకి సెలవు. మళ్ళీ సోమవారమే."

"సోమవారమా!" అంది క్రిసాంతా.

"ఎర్మీనియా పెడుతుంది," అన్నాను వెంటనే. "పదండి."

కారు మా ఆయన తీసుకెళ్ళాడు. నడిచాం. మంచు కరిగి దారంతా బురద. యారెట్సి మధ్యలో, మేమిద్దరం చెరో పక్క. మలుపులో తెల్ల వ్యాను ఆగి ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది, అద్దాలు నల్లగా ఉన్నాయి. క్రిసాంతా నిలబడిపోయింది. నేనూ నిలబడిపోయాను. నాకు కాగితాలున్నాయి, వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. కానీ మా వెనక గదిలో మా తమ్ముడు ఫిదెన్సియో ఉంటాడు. వాడికి లేవు.

"పరిగెత్తుదామా?" అంది క్రిసాంతా పెదాలు కదపకుండా.

"పరిగెడితే చూస్తారు. నడు."

"ముందు ఆ వ్యాన్ని పోనీ అక్కా."

యారెట్సి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా వాళ్ళమ్మ కోటులో మొహం దాచుకుంది. ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, ఎప్పుడు అడక్కూడదో దానికే తెలుసు. వ్యాను తలుపు తెరుచుకుంది. లావాటి తెల్లాయన దిగాడు, చేతిలో పైపు ముక్కా పానా పట్టుకుని. పక్కింటి వాళ్ళ నీళ్ళపైపు గడ్డకట్టి పగిలిందట. మమ్మల్ని చూసి తలూపాడు కూడా. మేం ఊపలేకపోయాం.

ఎర్మీనియా ఇంటి కిటికీలకి లోపల్నించి దుప్పట్లు కట్టి ఉన్నాయి. తలుపు కొట్టాను. లోపల టీవీ చప్పుడు ఠక్కున ఆగింది. మళ్ళీ కొట్టాను. ఊపిరి కూడా వినిపించలేదు.

"ఎర్మీనియా, నేనే, ఆంపారోని. తియ్యి."

"నీతో ఎవరున్నారు?"

"నీ కొమాద్రె ఉంది. నీ బిడ్డ ఉంది. తియ్యవే తల్లీ, చలికి చస్తున్నాం."

గొలుసు తియ్యకుండా తలుపు బెత్తెడు తెరిచింది. ఒక కన్ను కనపడింది. ఆ కన్ను మమ్మల్ని దాటి దారి చివరిదాకా వెళ్ళొచ్చాక గొలుసు ఊడింది.

లోపల పట్టపగలే చీకటి. నలుగురు పిల్లలు సోఫామీద వరసగా కూచుని ఉన్నారు, వాళ్ళనీ బడి మానిపించేసిందట. పొయ్యిమీద చిక్కుడుగింజలు కుతకుతమంటున్నాయి.

క్రిసాంతా పిల్లని ఒళ్ళోకి లాక్కుని, ఊపిరి తీసుకుని అడిగింది. "కొమాద్రె, మా ఉత్తరాలు మూడు తిరిగెళ్ళాయట. పోస్టుమాన్ ఎవరైనా కొత్తవాడొచ్చాడా?"

ఎర్మీనియా గరిటె తిప్పుతూనే ఉంది.

"కొత్తవాడు కాదు. నేనే రాశాను."

"ఏమని?"

"ఈ పేరుగలవాళ్ళు లేరని. మా పెద్దమ్మాయిని అడిగి ఇంగ్లీషులో ఎలా రాయాలో నేర్చుకున్నాను. రాసి మళ్ళీ పెట్టెలో పడేశాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను నేలకేసి చూశాను.

"ఎందుకు?" అంది క్రిసాంతా.

"మీ కోసమే! సర్కారు కవర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి మీ పేరుమీద. తోమాసా చెప్పింది, ముందు ఉత్తరాలు వేసి చూస్తారట, తీసుకుంటే మనిషి ఉన్నట్టు గుర్తట. లేరు అంటే వెతకడం మానేస్తారు కదా అనుకున్నాను. ఒక్క మీవే కాదు కొమాద్రె. అందరివీ తిప్పేశాను."

"అందరివీనా?" అన్నాను నేను. "ఏడిళ్ళవీనా? వాటిల్లో కోర్టు తారీఖు కాగితాలుంటాయే! ఆ తారీఖుకి మనిషి వెళ్ళకపోతే, మన మాట వినకుండానే దేశంనించి పంపించెయ్యమని రాసేస్తారు. చూశావా, ఏ కవరు ఎక్కడిదో?"

గరిటె ఆగింది. "పేర్లు గుర్తుపడతాను గానీ, చదవడం నాకెక్కడొచ్చు."

నేను డెల్ఫీనా ఇచ్చిన కాగితం మడత విప్పి బల్లమీద పెట్టాను. సంగతంతా చెప్పాను: సీసా, రేపు రాత్రి, ఐదు గంటలు, సోమవారం. గోడ గడియారంలో నాలుగూ ఐదైంది. హాలుకి తిరిగి నడవడానికి పావుగంట పడుతుంది.

ఎర్మీనియా చేతులు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. కాగితానికి రెండడుగుల దూరంలో నిలబడింది.

"ఇది ఎక్కడికి పోతుంది?"

"వైద్యం ఆఫీసుకి."

"అక్కణ్ణించి?"

"ఎక్కడికీ పోదు."

"నీకెలా తెలుసు?"

"డెల్ఫీనా చెప్పింది."

"డెల్ఫీనాకెలా తెలుసు? అది ఆ ఆఫీసులో పడుకుంటోందా?"

క్రిసాంతా లేచింది. పిల్లని కుర్చీలో కూచోబెట్టి ఎర్మీనియా ముందుకెళ్ళి నిలబడింది. "సంతకం పెట్టు," అంది. "నీళ్ళమీద దీన్ని పట్టుకుని ఫాదరుకి మాటిచ్చావు. తల్లి లేకపోతే నేనున్నానన్నావు. నేనుండగానే దీన్ని చంపుతావా? పెట్టు!"

ఏడేళ్ళలో మొదటిసారి నువ్వు అంది. సోఫామీద పిల్లలు కూడా తలలెత్తారు. ఎర్మీనియా చెంపమీద కొట్టినట్టు వెనక్కి జరిగింది.

"నాకూ నలుగురున్నారు," అంది మెల్లిగా. "వీళ్ళ నాన్నకీ లేవు, నాకూ లేవు. నా పేరు ఇప్పటిదాకా ఏ కాగితంమీదా లేదు. ఇల్లు కూడా మా బావగారి పేరునే ఉంది. అన్నం పెట్టమనండి, పెడతాను. పిల్లని నా దగ్గర ఉంచుకోమనండి, రాత్రంతా కళ్ళలో వత్తులేసుకుని చూస్తాను. ఇది మాత్రం అడక్కండి."

"రాత్రంతా చూస్తే మూర్ఛ ఆగుతుందా?"

"నన్ను పట్టుకెళ్తే వీళ్ళనెవరు చూస్తారు?"

ఇద్దరి గొంతులూ పైకి లేస్తున్నాయి. యారెట్సి చెవులు మూసుకుంది. నాలుగూ ఇరవై. నాకు విసుగు, భయం ఒకేసారి తన్నుకొచ్చాయి. కలం తీసి ఎర్మీనియా చేతిలో కుక్కాను. పెద్దదాన్ని కదా, పెద్దరికంగానే మాట్లాడాను.

"చాలిక. వినవే ఎర్మీనియా. తోమాసా నోటికి తలుపు లేదు, దాని మాట పట్టుకుని పసిపిల్ల ప్రాణంమీదికి తెచ్చావు. వైద్యం కాగితం చూసి ఇంటిమీదికి ఎవరూ రారు. రెండక్షరాలు, ఒక నంబరు. ఏం కాదు. నేను చెబుతున్నాను, ఏమీ కాదు. వెయ్యి."

ఎర్మీనియా కలం వంక చూసింది. దాన్ని తీసుకొచ్చి నా ముందు, కాగితంమీద పెట్టింది.

"ఏమీ కాకపోతే మీ తమ్ముడు పడుకునే మీ ఇంటి నంబరే వెయ్యి ఆంపారో."