కప్పీ వెనక సందులో లిఫ్టమ్మ

ఆ వీధిలో తొమ్మిది మేడల లిఫ్టులు చూసే మెకానిక్‌ని అందరూ లిఫ్టమ్మ అనే పిలిచేవాళ్లు. పొద్దున్నే స్పానర్ల సంచీ భుజాన వేసుకుని మొదటి మేడ ఎక్కేది. మధ్యాహ్నమయ్యేసరికి మోచేతుల దాకా గ్రీజే. పనిలో ఉన్నంతసేపు మామూలు ఎత్తు మనిషి. ఫోను పట్టుకుంటేనే తేడా వచ్చేది.

మేడలవాళ్ల వాట్సాప్ గ్రూపులో టైపు చేస్తుంటే ఎదిగిపోయేది. "బ్రేకు మార్చకపోతే లిఫ్టుకి తాళం వేసి పోతా" అని రాసిన రోజున తల గుమ్మానికి కొట్టుకుని బొప్పి కట్టింది. వీడియో మీటింగంటే మాత్రం, తెర మీద తన మొహం తనకి కనబడగానే, బట్టలతో సహా కుంచించుకుపోయి పిల్లంత అయ్యేది. "ఇవాళ మీటింగుందా? అయితే చిన్న గ్లాసులో పోస్తాలే టీ" అనేది వాళ్లమ్మ. గ్రూపులో గర్జించినవన్నీ మీటింగులో "సరే సార్, మీ ఇష్టం సార్"గా తేలిపోయేవి.

ఆసారి పేచీ మూలమీది మేడ లిఫ్టు దగ్గర వచ్చింది. పైన మెషీను గదిలో, కప్పీ మీదుగా పోయే ఉక్కు తాడు తెగుతోందని చప్పుడును బట్టి ఆవిడకి అనుమానం. కరెంటు ఆపేసి, ఎవరూ ఎక్కొద్దని గ్రూపులో రాసింది. ఆవిడింకా మెషీను గదిలో ఉండగానే మేడ సెక్రటరీ వీడియో మీటింగు పెట్టాడు. ఆవిడ సంగతి ఆయనకి బాగా తెలుసు.

"రాయడం కాదమ్మా, చూపించు. నాలుగో అంతస్తు మాస్టారు చక్రాల కుర్చీలో ఆసుపత్రికి వెళ్లాలి. ఊరికే ఆపేస్తే ఎలా?"

"వెనకవైపు తెగింది సార్. అక్కడికి మనిషి దూరలేడు. అంతా విప్పి చూడాలి." గొంతు పిట్టకూతలా వచ్చింది.

"అంటే ఉత్త అనుమానమేగా! లిఫ్టు వేసెయ్."

"సరే సా..." అనబోయి ఆగింది. కప్పీకీ గోడకీ మధ్య జానెడు సందు. ఇప్పుడైతే, పిల్లంత అయిన తను అందులో దూరగలదు.

ఫోనుని ముందుకి నెట్టుకుంటూ బోర్లా పాకింది. కెమెరాని తాడు వైపు తిప్పింది. తెగిన పోగులు పాత బ్రష్షు కుచ్చులా పైకి లేచి ఉన్నాయి.

"ఇదిగో సార్, ఇక్కడొకటి. ఇక్కడ ఇంకోటి. ఇక్కడైతే సగానికి సగం పోయింది." తెర మీద తన మొహం లేదు, తాడే ఉంది. గొంతు తనదే, రోజూ ఉండే గొంతు. "ఇందులో మనిషిని ఎక్కించను. మీరు చెప్పినా సరే, ఎక్కించను."

మీటింగులోనే ఉన్న మాస్టారు అన్నాడు: "చూశాంలే అమ్మాయ్. ముందు బయటికి రా. గొంతు వింటే తెలుస్తోంది, పెరుగుతున్నావు, ఇరుక్కుంటావు."

అప్పటికే భుజాలు గోడకి ఒరుసుకుంటున్నాయి. ఊపిరి బిగబట్టి వెనక్కి జరిగింది. చొక్కా చెయ్యి చిరిగింది, మోకాలు దోక్కుపోయింది. మొత్తానికి బయటపడింది.

"ఆపే ఉంచమ్మా" అన్నాడు సెక్రటరీ. "తప్పు నాదే." కాసేపటికి తనే ఇంకో ముగ్గుర్ని వెంటేసుకొచ్చి మాస్టారిని కుర్చీతో సహా మెట్ల మీదుగా కిందికి మోశాడు, సాయంత్రం మళ్లీ పైకీ మోశాడు.

మర్నాడు పనివాళ్లొచ్చి తాడు విప్పితే అది చేతుల్లోనే రెండు ముక్కలైంది. ఆ ముక్కలు చూసి ఆవిడ మెట్లు దిగింది గానీ, నాలుగో అంతస్తు దాటి పోలేకపోయింది.

తలుపు తీసే ఉంది. మాస్టారు కిటికీ దగ్గరున్నాడు.

"ఏమైందమ్మా?"

"తీసేశారు మాస్టారూ. కొత్తది వేస్తున్నారు."

ఆయన పక్కనున్న కుర్చీ చూపించాడు. "రా, కూర్చో. ఇవాళ నేనెక్కడికీ పోనక్కర్లేదు. నీకూ తొందరేం లేదుగా."

ఆవిడ కూర్చుంది. గ్రీజు చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోయింది.