ముందు వెళ్ళిన నీడ

పొద్దున చాయ్ తాగగానే ప్రభాకర్ మంచు బూట్లు తొడుక్కుని కోమటి చెరువు కట్ట మీదికి నడకకు బయల్దేరతాడు. మే నెలలో, సిద్దిపేటలో, లోపల ఉన్ని కుట్టిన బూట్లు! చూసినవాళ్ళు నవ్వు ఆపుకోలేక చెరువు వైపు తిరిగి దగ్గుతారు. "కొత్త బూట్లు కరుస్తయి. ఇప్పటిసంది తొడిగితేనే గాడికి పోయేవరకు మెత్తగైతయి," అని అడగనివాళ్ళకు కూడా వివరిస్తాడు. పక్కన నడిచే భార్య ప్రమీలాదేవికి ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది. అయినా ఏమీ అనదు. పెళ్ళయిన నాటి నుంచి ఎరువుల దుకాణం గల్లాకు కట్టేసినట్టు బతికిన మనిషి, దుకాణం అల్లుడికి అప్పజెప్పాక మొదటిసారి తన కోసం ఒకటి కోరుకున్నాడు. చిన్నపిల్లాడిలా సంబరపడుతుంటే ఆమెకు ముచ్చటగానే ఉంది.

కోరిక మాత్రం చిన్నది కాదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఊసుపోక అల్లుడి దగ్గరికి దుకాణానికి పోయి కూర్చుని, ఫోనులో మంచుకొండ విరిగి సముద్రంలో పడటం చూశాడు. ఇక అన్నం సయిస్తే ఒట్టు. పాత బస్టాండు దగ్గర ట్రావెల్స్ నడిపే గజేందర్‌ను పట్టుకున్నాడు. గజేందర్ హైదరాబాద్ దాటి పోయింది లేదు గాని, కుర్చీలో కూర్చుని లోకమంతా తిప్పి చూపిస్తాడు.

"వాంకూవర్‌ల ఓడ ఎక్కుడు సార్, అలాస్కాల దిగుడు. ఆడికెల్లి రైలు, రైలు దిగినంక బస్సు. ఇగ అంత అడివే. ఎలుగుబంట్లు, దుప్పులు, మంచుగుట్టలు. మనిషి మొఖం కనవడదు."

"నడిమిట్ల చిన్న పడవల మంచుకొండ కాడికి తీస్కపోతరట గదా?" అన్నాడు ప్రభాకర్.

"గదే అసలు మజా సార్! చేత్తోటి ముట్టుకునేంత దగ్గర."

చిన్న పడవ అనే మాట దగ్గర ప్రమీలాదేవి మనసు ఆగింది. ఇద్దరిలో ఒక్కరికీ ఈత రాదు. కాని అప్పటికే ఆయన ఓడలో గది కూడా ఎంచుకుంటున్నాడు, కిటికీ ఉన్నదే కావాలని.

అంతా కుదిరింది, బయల్దేరే రోజు తప్ప. అది మంగళవారం. అమెరికా నీళ్ళలో ఓడ మీద తిరగడానికి జంకని మనిషి మంగళవారం గడప దాటడానికి ససేమిరా అన్నాడు. దానికి వాళ్ళ ఇంట్లో ఉపాయం ఉండనే ఉంది, ప్రస్థానం పెట్టడం. మంచిరోజు చూసి, కట్టివిడిచిన బట్ట ఒకటి సంచిలో పెట్టి, పోయే దిక్కున ఉన్న వేరే ఇంట్లో ముందే ఉంచితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తర్వాత ఏ వారం కదిలినా దోషం లేదు.

ప్రభాకర్ ఇంటివాళ్ళు ప్రస్థానం పెడితే సంచితో పాటు మనిషి నీడ కూడా ముందే వెళ్ళిపోతుంది. దారీ ఊరూ చూసి, బయల్దేరే వేళకు తిరిగొచ్చి కాళ్ళను చుట్టుకుంటుంది. ప్రమీలాదేవి మామగారు తిరుపతి పోయేముందు ఆయన నీడ గుండుతో తిరిగొచ్చింది. వెంట్రుకలిచ్చేది లేదని మొండికేసిన ఆయన, కొండ మీద ఏం బుద్ధి పుట్టిందో, గుండుతోనే దిగాడు. అత్తగారు పుష్కరాలకు బయల్దేరినప్పుడు మాత్రం ఆమె నీడ రాలేదు. రద్దీలో ఆలస్యమై ఉంటుందిలే అనుకున్నారు. అత్తగారూ మళ్ళీ రాలేదు.

పోయేది ఉత్తరానికి. వాళ్ళింటికి ఉత్తరాన దుర్గవ్వ ఇల్లుంది. పంతులు చెప్పిన గురువారం, దుర్గవ్వ కోడలు వందన బొట్టు పెట్టుకుని వచ్చి రెండు సంచులూ అందుకుంది. ఇద్దరి నీడలూ ఆమె వెంట రోడ్డు దాటి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత బజారుకు పోతే కూరగాయల ఆమె వాళ్ళ కాళ్ళ వైపు ఒకసారి చూసి, "ఏడికి సార్ పయనం?" అని అడిగింది. ప్రభాకర్ అలాస్కా కథంతా చెప్పేసరికి టమాటలు ఎండకు వాడిపోయాయి.

ప్రమీలాదేవి నీడ ముందుగా వచ్చింది, ఒంటరిగా. ఆమె డాబా మీద వడియాలు ఎండబెడుతుంటే పిట్టగోడ దిగి వచ్చి పాదాలకు అంటుకుంది. కొప్పు, కొంగు, కుచ్చిళ్ళు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాకిని అదిలించడానికి చెయ్యెత్తింది. చేతికి గాజులు గలగలమన్నాయి. నేల మీద నీడ కూడా చెయ్యెత్తింది. దాని మణికట్టు బోసిగా ఉంది.

రెండో చెయ్యి ఎత్తి చూసింది. అదీ అంతే. వడియాల పక్కనే కూర్చుని రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

ఆ మాట నోటితో ఎలా చెప్తుంది? మెడలో పుస్తెలున్న మనిషి అనరాని మాట అది. ఎండలో ఆయన ముందు నిలబడటం మానేసింది. అన్నం వడ్డిస్తూ మరో దారిన కదిపి చూసింది.

"ఇగో, ఇంటున్నరా. ఈయేడు వద్దు. నాకు భయమైతుంది."

"ఎందుకు భయం? నీ నీడ మంచిగనే వచ్చింది గద."

"మీది రాలే."

ప్రభాకర్ నవ్వాడు. "నా లెక్కనే అది గూడ ఇయ్యాల్నే బయటవడ్డది. తిరగనియ్యి పాపం. పయనమయ్యే యాళ్లకు వస్తది."

వాళ్ళమ్మ సంగతి గుర్తు చేద్దామనుకుంది. కాని ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

సోమవారం నాటికీ ఆయన నీడ జాడ లేదు. ప్రమీలాదేవికి ఒక ఆలోచన వచ్చింది. బయల్దేరేటప్పుడు బోసి చేతుల మనిషి ఎదురైతే ప్రభాకర్ చచ్చినా గడప దాటడు. దుర్గవ్వకు భర్త పోయి చాలా కాలమైంది. ఒక్క అడుగు ఎదురు రమ్మంటే చాలు. ఆ మాట అడగడానికే వాళ్ళింటికి పోయింది.

దుర్గవ్వ ఆమెను చూడగానే తానే అందుకుంది. "రేపు పొద్దుగాల నా గురించి రంది వెట్టుకోకు బిడ్డా. మీ కారు పోయేదాంక నేను వంటింట్లకెల్లి ఎల్లనే ఎల్ల. తలుపు గూడ దగ్గరికేస్త. మీరు సల్లంగ పోయి రాండ్రి."

ఎవరి ప్రయాణమైనా ఇన్నేళ్ళూ ఆమె అలాగే తలుపు వెనక దాక్కుందని ప్రమీలాదేవికి అప్పుడు తట్టింది. ఆ మనిషినే పిలిచి, నీ చేతులు అపశకునంగా వాడుకుంటానని అడగడానికి సిగ్గేసింది. ఏమీ అడగకుండా లేచింది. మూలన ఉన్న ప్రభాకర్ సంచి అడుగున నేల తడిసి ఉంది. తుడిచినా మళ్ళీ ఊరుతోందని వందన చెప్పింది.

మంగళవారం పొద్దు పొడిచింది. గజేందర్ కారు తెచ్చి వాకిట్లో ఆపాడు. ఎదురు రావడానికి వందన నీళ్ళ బిందెతో నిలబడింది. ప్రమీలాదేవి పెరట్లో నల్లా దగ్గర చేతులకు సబ్బు రుద్దుకుంది. గాజులు మార్చుకునేటప్పుడు కూడా చెయ్యి బోసిపోకుండా ఒక్కటైనా ఉంచుకోవాలని అమ్మ నేర్పింది. ఆ ఒక్కటి కూడా లాగేసింది. ఏడుస్తూనే అన్నీ తీసి తులసి గద్దె మీద పెట్టి, ఇంటిని చుట్టి వాకిట్లోకి వచ్చి, గడప దాటబోతున్న భర్తకు ఎదురుగా నిలబడింది.

ప్రభాకర్ చూపు ఆమె చేతుల మీద పడింది. ఎత్తిన బూటు గడప మీదే ఆగింది.

"ఏంది ప్రమీలా గిది? నేను బతికుండంగనే..." వెనక్కి పోయి, కూర్చుని, నీళ్ళు తాగి, దోషం పోయిందనుకుని మళ్ళీ వచ్చాడు. ఆమె కదలలేదు. గజేందర్ హారన్ కొట్టాడు.

"జరుగు," అని అరిచాడు ప్రభాకర్.

"జరగ. కింద సూడుండ్రి."

ఆయన చూశాడు. ఆమె పాదాల దగ్గర బోసి చేతుల నీడ పరుచుకుని ఉంది. తన పాదాల దగ్గర ఎండ తప్ప ఏమీ లేదు.

"గిట్ల ఎప్పుడు వచ్చింది?"

"మొన్న. వడియాలు ఎండవెట్టిననాడు. అప్పుడు నా చేతులకు గాజులున్నయి."

ప్రభాకర్ గడప మీద కూలబడ్డాడు. తర్వాత బూట్లు విప్పి పక్కన పెట్టాడు. కారు ఖాళీగా వెళ్ళిపోయింది.

సాయంత్రం వందన పరుగున వచ్చి గేటు తెరిచింది. ఆమె వెనకే ఆయన నీడ నేల మీద పాక్కుంటూ వచ్చింది. ఒళ్ళంతా నీళ్ళు, ఒక కాలికి బూటు లేదు. వచ్చిన దారి పొడుగునా సిమెంటు తడిసింది. పాదాలను తాకగానే ప్రభాకర్ చలికి గజగజ వణికాడు. అంత ఎండాకాలంలోనూ ప్రమీలాదేవి రెండు దుప్పట్లు కప్పాల్సి వచ్చింది. "నీళ్ళు శాన సల్లగుండె," అని మాత్రం అన్నాడు. మర్నాడు తనే బజారుకు పోయి ఎర్రగాజులు తెచ్చి, ఒక్కొక్కటే తొడిగాడు. ఎండలోకి వచ్చి చూస్తే నీడ చేతికి కూడా గాజులు కనిపించాయి. ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పటికీ కోమటి చెరువు కట్ట మీద నడకకు వస్తారు, మామూలు చెప్పులతో. సూర్యుడు ఏ వైపున ఉన్నా ప్రభాకర్ నీడ మాత్రం నీళ్ళు లేని వైపే పడుతుంది, కట్ట దిగువకు జారిపోయి, చెరువుకు దూరంగా నడుస్తుంది. దాన్ని చూసినవాళ్ళు దారిచ్చి పక్కకు జరుగుతారు. నడక మళ్ళీ మొదలైన రోజు నుంచీ ప్రమీలాదేవి నీళ్ళ వైపే నడుస్తుంది, ఆయన చెయ్యి వదలకుండా.