చిత్తమోళ్లు, బతికించోళ్లు

కృపాకుమారి బస్సు దిగి తన ఇంటివైపు పోకుండా ఇటు తిరగడం చూసి, సుంకమ్మ చేతిలోని వేరుశనగ చెట్టును ఒక్క విదిలింపు విదిలించింది. మన్ను పోయి పక్కన కాయలు తెంపుతున్న రామాంజినమ్మ కంట్లో పడింది.

"నేనేం పాపం చేసినానమ్మా, నా కండ్లు పోగొడతాండావు?" అని కొంగుతో తుడుచుకుని, రామాంజినమ్మ కూడా రోడ్డువైపు చూసింది. "ఓ. చిత్తమామె వస్తాంది."

ఆ పేరు ఊరు పెట్టింది. పేటలో రేకుల ప్రార్థన మందిరం ఒకటే. దాని తలుపుకు తాళాలు మాత్రం రెండు. ఆదివారం పొద్దున కూడేవాళ్లు చిత్తమోళ్లు. సాయంత్రం కూడేవాళ్లు బతికించోళ్లు.

రెండేళ్ల కిందట సుంకమ్మ మొగుడు తిప్పయ్య కామెర్లు ముదిరి మంచాన పడ్డాడు. సంఘమంతా మంచం చుట్టూ చేరింది. సుంకమ్మ "బతికించు దేవా, బతికించు" అని గుండెలు బాదుకుంటోంది. స్త్రీల కూడికకు పెద్దయిన కృపాకుమారి తిప్పయ్య తలమీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, "ప్రభువా, నీ చిత్తమే జరగనీ" అంది. వెనకున్నవాళ్లంతా ఆమెన్ అన్నారు. వారం తిరక్కుండానే తిప్పయ్య పోయాడు.

"సంతలో ఎద్దును తోలినట్టు తోలేసింది నా మొగుణ్ణి. దేవుడింగా అడగనేలేదు, ఈయమ్మే ముందుగా ఇచ్చేసె!" అని శవం లేవకముందే సుంకమ్మ కృపను నడివీధిలో పెట్టి తిట్టింది. విశ్వాసి అన్నాక అట్లాగే ప్రార్థించాలని కృప జట్టు. అట్లా ప్రార్థించేదానికి నోరెందుకు, రాయయినా చాలునని సుంకమ్మ జట్టు. పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోయాయి. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల దినాన కూడా ఒకరి గిన్నె ఇంకొకరు ముట్టడం లేదు.

రామాంజినమ్మ మొక్కేది వేరే దేవుళ్లకు గనక ఆమెకిదంతా వినోదం. "మాకైతే ఒక దేవునితో పొసగకుంటే ఇంగో దేవుని దగ్గరికి పోతాము. మీకుండేది ఒక్కడే. ఎంత కొట్లాడుకున్యా మళ్లా ఆయప్ప కాడికే పోవల్ల. పాపం, ఆయప్పకు గుడక చెవులు రెండే గదా" అంటూ ఉంటుంది.

కృప వచ్చి వేరుశనగ కుప్ప అంచున నిలబడింది. చీర నలిగిపోయింది. జుట్టు రేగిపోయింది.

"వొదినా."

"ఎవురికి వొదిన? ఆ వరస నా మొగునితోనే పూడ్చినాము."

"మా శశిని పాము కరిసింది."

సుంకమ్మకు తెలుసు. ముందురోజు కృప కొడుకు శశికుమార్ చేనిలో చెట్లు పెరుకుతుంటే రక్తపింజరి కాటేసింది. అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఊళ్లో సగంమంది పోయి చూసొచ్చారు, సాయంత్రం జట్టు తప్ప.

"కరిస్తే? నా కాడేమన్నా మంత్రముండాదా?"

"లోపల ఒక్కరినే ఉండనిస్తారు. వాళ్ల నాయన ఉండాడు. కిడ్నీలు పని చేసేది లేదంట. ఇంగా కండ్లు తెరవలేదు." కృప ఒక అడుగు ముందుకేసింది. "వానికోసరం ప్రార్థన చెయ్యి వొదినా."

సుంకమ్మ నవ్వింది. "యాల, మీ జట్టులో అందురికీ నోళ్లు పడిపోయినాయా?"

"చేస్తాండారు."

"ఇంగేం మరి? ఆయన చిత్తం జరగనీ. ఈ పొద్దు చిత్తం చేదైందా?"

రామాంజినమ్మే ఉలిక్కిపడింది. "మే సుంకమ్మా, అట్లనాకు. పిల్లోని సంగతి."

"నువ్వు కాయ తెంపు."

కృప నేలమీద కూలబడింది. తల ఎత్తకుండా మాట్లాడింది.

"నాకు చేతకాకుండాది. బస్సులో కూసోని మొదలుపెట్టినా. ప్రభువా, నా కొడుకు, అన్యా. ఆపైన నోరు దాని దోవన అదే ఆ మాట కాడికి పోతాంది. ఎన్ని మంచాల కాడ అన్యానో, పాటయిపోయింది. సగంలో నోరు గట్టిగా మూసుకున్యా. నాకు వాంతి వస్తాందనుకోని పక్కనామె కిటికీ తెరిచింది. మావోళ్లకు ఫోన్ చేస్తే అందురూ కడాకు అదే మాట అంటారు. వాళ్లని అనొద్దని ఏ మొగం పెట్టుకోని చెప్పేది? ఈ ఊర్లో ఆ మాట అనని నోరు నీదే. ఇద్దరు ఒక మాటమీద నిలబడి అడిగితే ఆయన ఇస్తాడని బైబిల్లో ఉండాది గదా వొదినా."

"ఒక మాటమీద? మనమిద్దరం?"

ఈమె తన ముందు ఇట్లా కూలబడాలని సుంకమ్మ ఎన్ని రాత్రులు కోరుకుందో. తీరా కూలబడ్డాక, అనుకున్నంత రుచి లేదు. అయినా ఉమ్మేయబుద్ధి కాలేదు.

"అను," అంది సుంకమ్మ. "నా మొగుని తలమీద చెయ్యి పెట్టి అన్యావే, అదే మాట ఇప్పుడు శశి పేరు పెట్టి అను. అంటే నేను చేస్తా."

కృప నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"అనలేను."

"ఇనపడలే."

"అనలేను వొదినా! అనను!" కృప అరిచింది. తర్వాత గొంతు దిగిపోయింది. "ఆ పొద్దు నాకు భయమేసింది. తిప్పయ్యన్న దక్కడని డాక్టరు ముందే మా ఆయనతో చెప్పినాడు. బతికించమని అందురి ముందర అడిగి, ఆయన పోతే, నా ప్రార్థన వట్టిదంటారని. ఆ మాటయితే యాపక్క పడినా నాకు తప్పు రాదు."

ఇన్నాళ్లూ సుంకమ్మ ఈమెది మూర్ఖపు భక్తి అనుకుంది. భక్తి కూడా కాదన్నమాట.

"అంటే నీ పేరు కాపాడుకున్యావు. నా మొగుని తలమీద చెయ్యి పెట్టి."

"ఊ."

సుంకమ్మ చెట్ల కట్టను లేపి విసిరి కొట్టింది. కట్ట కృప భుజానికి తగిలి, ఒళ్లంతా మన్నయింది. కృప కదల్లేదు.

"నిన్ను క్షమించను. సచ్చేదాకా క్షమించను."

"క్షమించొద్దులే. దానికోసరం రాలేదు నేను."

సుంకమ్మకు ఒళ్లు మండిపోయింది. తిట్టి తరిమేయాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆసుపత్రిలో ఒక ప్రాణం కొట్టుకుంటోంది. అడిగే నోరుండి తాను మూసుకుంటే, ఆనాడు ఈమె చేసిన పనే ఈనాడు తాను చేసినట్టు. ఈమెతో సరిసమానం కావడం కంటే ఈమె పక్కన మోకాళ్లూనడమే నయమనిపించింది.

"మోకాళ్లెయ్యి. ఆ పక్క. నన్ను తాకాకు."

కొంగు నెత్తిన వేసుకుని సుంకమ్మ మొదలుపెట్టింది. "దేవా, ఈమె మొగం సూసి అడగడం లేదు. ఈమె ఎట్లాంటిదో నీకు తెలుసు. చెప్పాలంటే శానా ఉండాది గానీ ఇప్పుడు టైము లేదు. ఆ పిల్లోడు మంచోడు. బతికించు. నా మొగుణ్ణి అడిగితే ఇయ్యలేదు నువ్వు. అది నేను మర్సిపోలేదు. వీణ్ణన్నా ఇయ్యి..."

"ఆమెన్," అంది కృప.

"నేనింగా ముగించలేదు. మద్దెలో దూరాకు."

సుంకమ్మ మళ్లీ అందుకుంది. తిట్టినట్టే అడిగింది. రామాంజినమ్మ కూడా కాయలు తెంపడం ఆపి, ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక ఆకాశంవైపు పెట్టింది. అంతా అయ్యాక "ఆమెన్" ముగ్గురి నోటా వచ్చింది.

అప్పుడే కృప ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి మొగుడు ఇమ్మానుయేల్. విని, ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"అట్లే ఉండాడంట. ఏమీ చెప్పలేమంటాండారంట." కొంగుతో మొగం తుడుచుకుని పైకి లేచింది. "పోయొస్తా."

"యాడికి?" అని కసిరింది సుంకమ్మ. "కూసో. అట్లే ఉంచినాడంటే, ఆయనింగా మాట ఇంటాండాడని. ఈ మాటు నువ్వు మొదలుపెట్టు. ఆ మాట గిన నీ నోట్లోనుంచి వచ్చిందో, మూతి పగలగొడతా."

కృప మళ్లీ మోకాళ్లూని కళ్లు మూసుకుంది. "ప్రభువా, నా కొడుకు..."

సుంకమ్మ కళ్లు మూసుకోలేదు. చెయ్యి ఎత్తిపట్టుకుని, కృప పెదాలనే చూస్తూ కూర్చుంది.